నాలుగు దారుల ఇల్లు

"ఈ ముక్కలు చదరంగా లేవు" అన్నాడు లూషెన్, తినే పుల్లలు కింద పెట్టేస్తూ.

ఉదయపు భోజనం వేళ. చాపల మీద అందరూ వరసగా కూర్చున్నారు. కొర్ర జావ పొగలు కక్కుతోంది. మధ్యలో ఉప్పులో ఊరేసిన ముల్లంగి ముక్కలు పింగాణీ పళ్ళెంలో ఉన్నాయి. కొన్ని లావుగా, కొన్ని సన్నగా ఉన్నాయి. ఒకటి రెండింటికి తోక కూడా ఉంది.

"ముల్లంగికి మూలలుంటాయా నాన్నా?" అంది కూతురు షూలన్. "గుండ్రంగా పుట్టింది, వంకరగా తెగింది. నోట్లో వేసుకున్నాక ఏ మూల ఎటుందో ఎవరు చూడొచ్చారు?"

"నోటికి అక్కర్లేదు. చేతికి కావాలి. ఇవాళ ముల్లంగిని వంకరగా కోసిన చెయ్యి రేపు గోడని వంకరగా కడుతుంది."

"నేను కట్టిన ఊరి గోడ శత్రువుకి అడ్డంగా నిలబడబట్టే నువ్విక్కడ తీరిగ్గా కూర్చుని ముల్లంగికి వంకలు పెడుతున్నావు!"

"చూశావా యున్‌మా, తండ్రికి జవాబు ఎలా చెబుతోందో!"

"చూశాను, విన్నాను" అంది ఇల్లాలు యున్‌మా, జావ వడ్డిస్తూనే. "దానికి గోడ పిచ్చి, మీకు మూలల పిచ్చి. మంచివి ఏరి మీ ముందు పెడతాను, ఉండండి. అతిథి ముందు పరువు తీయకండి."

లూషెన్ తమ్ముడు పోబో ఈలోపల పళ్ళెం తన ఒళ్ళోకి లాక్కుని, ముక్కలన్నీ ఊడ్చిపెట్టి, గడ్డం తుడుచుకున్నాడు. "తగువూ తీరింది, ముల్లంగీ తీరింది. ఇంక తినండి వదినా" అన్నాడు.

అతిథి స్థానంలో కూర్చున్న హేమాంగదుడికి నవ్వాలో వద్దో తెలియలేదు.

ఒంటిమీద మూలికల వర్తకుడి అంగీ ఉన్నా అతను కుముదగిరి యువరాజు. షిన్‌యావో అనే మాంత్రికుడు అతని తండ్రి నీడను కత్తిరించి, జాడీలో బంధించి, చీనా భూమికి ఎత్తుకుపోయాడు. నీడ లేని మహారాజు శరీరం ఉతికి ఉతికి వెలిసిన బట్టలా రోజురోజుకీ పలచబడుతోంది. యువరాజు మంచుకొండలు దాటి, ఇసుక సముద్రాలు దాటి, మాంత్రికుడి జాడ పట్టుకుని ఈ చిన్న ఊరికి, లియెన్‌పురికి, చేరాడు. వచ్చిన రోజున దారి చెప్పమని తలుపు తట్టిన ఇల్లు ఇదే. ఏ దారి అని నలుగురూ నాలుగు రకాలుగా చెప్పడం మొదలుపెట్టారు.

అందుకో కథ ఉంది. ఒకప్పుడు చీనా భూమికంతటికీ ఒక్కడే చక్రవర్తి. ఆయన కొలువులో పూజలూ మర్యాదలూ చూసే అధికారులు ఉండేవారు. రాజుల చరిత్రలు రాసి దాచేవారు, నేరాలు విచారించేవారు, నక్షత్రాలు చూసేవారు, గుడులూ గోడలూ కాచేవారు ఉండేవారు. సామంతులు తిరగబడి ఆ కొలువు కూలిపోయింది. దేశం ఏడు ముక్కలై, ప్రతి ముక్కా పక్క ముక్కను మింగడానికి నోరు తెరిచింది. ఉద్యోగాలు పోయిన ఆ అధికారులు తలో దిక్కుకీ చెదిరిపోయి, తమకు తెలిసిన విద్యనే జనానికి నేర్పసాగారు. మర్యాదలు చూసినవాళ్ళు, తండ్రి తండ్రిలాగా కొడుకు కొడుకులాగా ఉంటే రాజ్యం దానంతటదే కుదుటపడుతుందన్నారు. లూషెన్ వాళ్ళవాడు. చరిత్రలు రాసినవాళ్ళు, ఎక్కిన ప్రతి రాజూ దిగడమే చూసి చూసి, ఏ పనికీ ఎదురెళ్ళకుండా నీటిలా పల్లానికి పారడమే మేలని కొండల్లోకి వెళ్ళిపోయారు. పోబో అక్కణ్ణించే వచ్చాడు. గోడలు కాచినవాళ్ళూ వడ్రంగులూ కలిసి, అందరినీ సమంగా ప్రేమించాలనీ, దండెత్తిన వాడు ఎవడైనా సరే చిన్న ఊళ్ళను కాపాడాలనీ జట్టు కట్టారు. షూలన్ ఆ జట్టులో చేరింది. నేరాలు విచారించినవాళ్ళు మాత్రం, మనుషులు మంచివాళ్ళవుతారని కూర్చుంటే లాభం లేదు, శాసనం గట్టిగా ఉంటే చాలన్నారు. ఇంటి పెద్దకొడుకు గావ్‌యి ఆ మాట నమ్మి, షెన్‌గు రాజ్యంలో కొలువుకు వెళ్ళిపోయాడు. నక్షత్రాలు చూసినవాళ్ళు వెలుగు నీడల మర్మమూ, కొయ్య, నిప్పు, మట్టి, లోహం, నీరు ఒకదాన్నొకటి గెలిచే లెక్కా పట్టుకున్నారు. ఆ లెక్కను దొంగ విద్యగా మార్చి, షెన్‌గు రాజు పంచన చేరినవాడే షిన్‌యావో.

అందరూ తమ మతాన్ని 'దారి' అనే పిలుస్తారు. ఎదుటివాడిది మాత్రం డొంక.

జావ గిన్నె ఎత్తబోతున్న షూలన్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. వంటింటి మూల మెడదాకా పాతిపెట్టిన పెద్ద కుండ మూతికి బిగించిన పల్చటి తోలు, ఎవరూ తాకకుండానే వణుకుతోంది. శత్రువు నేల కింద సొరంగం తవ్వినా, నేల మీద బరువు కదిలినా వినపడేలా ఊరంతా అలాంటి కుండలు పాతించింది ఆ పిల్లే. గబుక్కున వంగి తోలుకి చెవి ఆనించింది.

"గుర్రాలు కావు. నాలుగు కాళ్ళు. ఒక్కటే జంతువు" అంది.

అందరూ గోడ మీదికి పరిగెత్తారు.

తూర్పు మైదానం మీద ఎర్రమన్ను మేఘంలా లేచింది. ఆ మేఘాన్ని చీల్చుకుంటూ వచ్చింది కంచు వృషభం. దాని కొమ్ములు రెండు నెలవంకలు. దాని డెక్కలు తిరగళ్ళు. దాని మూపు కోట బురుజంత ఎత్తు. పచ్చబారిన కంచు ఒంటి నిండా మొసళ్ళూ, మబ్బులూ, మనిషి ముఖపు పులులూ చెక్కి ఉన్నాయి. ముక్కుపుటాల్లోంచి నిప్పురవ్వలు చిమ్ముతున్నాయి. దాని వెనక షెన్‌గు సేన నల్లటి చీమలబారులా, గీత గీసినట్టు నడుస్తోంది. ఇంత ఎండలోనూ ఆ మృగానికి నీడ లేదు. దాని మెడలోంచి మాత్రం ఒక మనిషి నీడ సన్నగా కారి, నేల మీద ఈడ్చుకుంటూ వస్తోంది. కిరీటం పెట్టుకున్న నీడ.

"నాన్నగారు!" అన్నాడు హేమాంగదుడు. షిన్‌యావో తన తండ్రి నీడనే ఆ కంచుబొమ్మకు ప్రాణంగా పోశాడని అప్పుడు అర్థమైంది.

వృషభం బాణం వేటు దూరంలో ఆగింది. సేనలోంచి ఒక దూత ఒంటరిగా ఊరి గుమ్మం దగ్గరికి వచ్చాడు. నల్లటి అంగీ మీద, గుండెల దగ్గర, చెక్క బిళ్ళ వేలాడుతోంది. ముఖం చూడగానే యున్‌మా గోడ రాయిని పట్టుకుంది.

గావ్‌యి.

"షెన్‌గు రాజు ఆజ్ఞ" అని మొదలుపెట్టాడు, తల్లి వైపు చూడకుండా. "ఈ ఊళ్ళో దాక్కున్న దక్షిణదేశపు యువరాజును అప్పగించాలి. ఎండ నడినెత్తికి వచ్చేలోగా అప్పగించకపోతే వృషభం గోడను తొక్కుతుంది. రెండో ఆజ్ఞ: లూషెన్ అనే మర్యాదల పండితుణ్ణి రాజు మళ్ళీ పిలుస్తున్నాడు. రాజధానిలో కొలువు మర్యాదలు దిద్దే పదవి ఇస్తాడు. పదవి తీసుకున్నవాడికి, ఆ పదవిని తిరిగిచ్చి తన ఇంటివాళ్ళలో ఒకరి శిక్ష మాపుకునే హక్కు ఉంటుంది."

"ముందు తండ్రికి నమస్కారం పెట్టరా" అన్నాడు లూషెన్ పైనుంచి.

"నేనిప్పుడు కొడుకుని కాను. దూతని."

"కొడుకువి కానప్పుడు దూతవెలా అయ్యావు? ఆ మనుషుల్ని కూడగట్టి, ఆ బొమ్మని తోలి, వేల ఇళ్ళు తొక్కిన రాజు దగ్గర నేను కొలువు చెయ్యనని ఎన్నిసార్లు చెప్పాలి?"

"నేను విన్నవించేది ఇంతే. మీ జవాబు 'కాదు' అని రాసుకుంటాను."

"తిన్నావట్రా?" అంది యున్‌మా.

గావ్‌యి గుండెల మీది బిళ్ళ సర్దుకున్నాడు. "దూత శత్రువు ఊళ్ళో తినకూడదు" అని వెనుతిరిగి వెళ్ళిపోయాడు.

షూలన్ అప్పటికే యంత్రధనుస్సుల వాళ్ళను కేకేస్తోంది. "నూనెకుండలు ఎక్కించండి! లోహాన్ని గెలిచేది నిప్పు. నక్షత్రాల వాళ్ళ లెక్కే వాళ్ళకి అప్పజెబుదాం. కాల్చేస్తే కరిగిపోతుంది."

"దాంట్లో మా నాన్నగారున్నారు!" అన్నాడు హేమాంగదుడు. "జాడీ కాలితే నీడ కాలుతుంది. నీడ కాలితే..."

"ఈ గోడ లోపల ఎంతమంది నాన్నలున్నారో ఆలోచించావా? మీ నాన్న వాళ్ళందరికంటే ఎక్కువ కాడు. నాకు మా నాన్నా ఎక్కువ కాడు. ఇదే మా దారి."

"తండ్రిని తగలబెట్టమని కొడుకుతో చెప్పేది ఒక దారా?" అన్నాడు లూషెన్, కోపంగా. "అందరూ సమానమైతే ఇంట్లో నాన్న అని పిలవడమెందుకు?"

"ఊరు పోయాక ఏ ఇంట్లో పిలవమంటావు నాన్నా?"

ఇద్దరి మాటలోనూ నిజం ఉండటం చూసి హేమాంగదుడికి భయం వేసింది. "షూలన్, అది గోడ ముందున్న ఎండు కందకం దాకా వచ్చేవరకు ఆగు. ఈలోగా జాడీ బయటికి తెస్తాను. తేలేకపోతే వెలిగించు. నేను లోపలున్నా సరే."

ఆమె అతని కళ్ళలోకి చూసింది. "కందకం అంచు దాకా. అడుగు కూడా ఎక్కువ ఆగను" అంది.

"ఎదురుగా వెళితే నలిగిపోతావు" అన్నాడు పోబో, అతని మోచెయ్యి పట్టుకుని. "నాతో రా అబ్బాయ్. రెల్లులో పడవుంది."

రెల్లుపొదల మధ్య పడవ పాములా జారింది. పోబో తెడ్డు వేయనే లేదు. ప్రవాహం ఎటు తిప్పితే అటు తిప్పుకున్నాడు. ఏటి ఒడ్డున చేపల గుడిసెలో ఒక షెన్‌గు సైనికుడు నోరు తెరిచి గురక పెడుతున్నాడు.

"ఆ వృషభానికి కందెన పూసేవాడు. నిన్న సాయంత్రం సేన దూరంగా విడిది చేసినప్పుడు జారుకుని వచ్చి పడ్డాడని, ఈ గుడిసె ముసలాడు ఇందాకే చెప్పాడు. శిబిరంలో తాగకూడదని శాసనం. ముసలాడి గుడిసెలో తాగకూడదని రాయడం మర్చిపోయారట!" పోబో వాడి అంగీ, చెక్క బిళ్ళ, కందెన కుండ తీసి యువరాజు చేతిలో పెట్టాడు. "అక్కడెవడూ ముఖం చూడడు. బిళ్ళ చూస్తాడు. భయపడి నడిచావో, పట్టుబడతావు."

అతను చెప్పినట్టే అయింది. కాపలావాళ్ళు బిళ్ళ మీది గుర్తు చూసి పక్కకు తప్పుకున్నారు. ఒకడు మాత్రం, "ఆలస్యంగా వచ్చావేం?" అన్నాడు. "కుండ బరువుగా ఉంది" అన్నాడు హేమాంగదుడు. అప్పుడే భేరి మోగింది. ఎండ నడినెత్తికి ఎక్కింది. వృషభం కాలు ఎత్తింది.

పరిగెత్తి, కదులుతున్న వెనక కాలి నిచ్చెన పట్టుకుని పొట్టలోకి ఎగబాకాడు. లోపలంతా కొయ్య పక్కటెముకలు. వాటికి తాపడం చేసిన కంచు రేకులు ప్రతి అడుగుకీ కీచుమంటున్నాయి. తల భాగంలో పెద్ద కుంపటి భగభగ మండుతోంది. ముక్కులోంచి రవ్వలు చిమ్మేది అదే. దాని కింద, మెడలో, అయిదు రంగుల తీగల మధ్య వేలాడుతోంది నల్లటి జాడీ. వేలు తగలగానే ఎముకలు కొరికే చలి. లోపల ఎవరో మెల్లిగా నిట్టూర్చినట్టు వినిపించింది.

"నాన్నగారూ, నేనే" అన్నాడు.

పచ్చతీగ విప్పాడు, వృషభం ముందుకాలు తడబడింది. ఎర్రతీగ విప్పాడు, మృగం ఒకవైపు ఒరిగింది. వెనక రథం మీంచి షిన్‌యావో గావుకేక పెట్టాడు: "మెడలో ఎవడో ఉన్నాడు!" ఒరిగిన ఊపుకి కందెన కుండ దొర్లి కుంపట్లో పడింది. మంట నాలుక చాచి కొయ్య ఎముకలకు అంటుకుంది.

మిగతా తీగలు పళ్ళతో కొరికి, జాడీని గుండెకు హత్తుకుని, వృషభం గంగడోలు కింది తలుపులోంచి నేల మీదికి దూకాడు. చుట్టూ సైనికులే; ఒంటి మీది అంగీ, బిళ్ళ చూసి ఎవరూ ఆపలేదు. పక్కనే నీళ్ళ కావళ్ళు మోసేవాళ్ళు బారులు తీరి నిలబడి ఉన్నారు; కడవల నిండా నీళ్ళున్నాయి.

"పొయ్యండ్రా! మంట ఆర్పండి!" మాంత్రికుడు గొంతు చించుకుంటున్నాడు.

కావళ్ళవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ఇవి తాగే నీళ్ళయ్యా" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "మంటలార్పే దళం వెనక వస్తోంది. మా బిళ్ళ మీద తాగునీరని ఉంది. మాది కాని పని చేసినా దెబ్బలే, మా పని మానినా దెబ్బలే. మా దళపతి చెబితే పోస్తాం."

"మీ దళపతి ఏడీ?"

"ఏటి దగ్గర నీళ్ళు తోడిస్తున్నాడు."

ప్రాణం పోయినా పాత ఊపులోనే వృషభం మండుతూ గుడ్డిగా నడిచి కందకం అంచు ఎక్కింది. గోడ మీద ఎర్రజెండా లేచింది. నూనెకుండలు నిప్పు తోకలతో ఆకాశంలో వరస కట్టాయి. కంచు కొమ్ములు మైనంలా వంగి, మృగం మోకాళ్ళ మీద కూలి, కందకంలోకి పొర్లిపోయింది. నేల అదిరింది. ఊళ్ళోంచి హర్షధ్వానాలు లేచాయి.

హేమాంగదుడు పొగ చాటున రెల్లు వైపు పరిగెత్తాడు. ఒక గుడారం మలుపులో ఎవరి ఛాతీకో ఢీకొని ఆగిపోయాడు.

ఎదురుగా గావ్‌యి నిలబడి ఉన్నాడు. అతని చూపు జాడీ మీద పడింది, తర్వాత ముఖం మీద పడింది. కత్తి మొలలోనే ఉంది.

"నేను దూతను" అన్నాడు గావ్‌యి చివరికి, ఒక్కో మాటా తూచినట్టు. "మాట చేరవెయ్యడం నా పని. మనుషుల్ని పట్టుకోవడం నా పని కాదు."

"నన్ను చూసినట్టు చెబుతావా?"

"అడిగితే చెబుతాను. సాయంత్రం హాజరు వేళ అందరినీ అడుగుతారు." పక్కకు తప్పుకున్నాడు. "అమ్మ ఇంకా పొద్దున్నే జావ కాస్తోందా?"

"కాస్తోంది."

"వెళ్ళు."

పడవ ఎక్కేదాకా యువరాజు వెనక్కి చూడలేదు.

సూర్యుడు కొండ వెనక్కి ఒరిగేటప్పటికి షెన్‌గు సేన వెనుదిరిగి మిట్ట మీద గుడారాలు వేసింది. యంత్రం కూలితే కొత్త ఆజ్ఞ వచ్చేదాకా కదలకూడదని వాళ్ళ శాసనం. ఊరు బతికింది. జాడీ ఇంటికి చేరింది. కానీ దాని మూత రాలేదు. షూలన్ ఉలి పట్టుకుంటే పోబో చెయ్యి అడ్డం పెట్టి, జాడీ అడుగున ఉన్న ముద్ర చూపించాడు.

"బలవంతం చేశావో, లోపలిది పొగైపోతుంది. ఈ ముడి వేసింది షెన్‌గు రాజధానిలో, నక్షత్రాల మేడ కింది బావి దగ్గర. ఆ బావి నీళ్ళు పోస్తేనే విడుతుంది. అక్కడికి కొలువువాళ్ళు తప్ప ఈగ కూడా పోలేదు."

రాత్రి భోజనానికి చాపలు పరిచారు. ఎవరూ గిన్నె ముట్టలేదు. హేమాంగదుడు గావ్‌యి మాటలన్నీ దాచకుండా చెప్పాడు.

"అడిగే ఉంటారు ఈపాటికి" అంది షూలన్. "ఒక్క అబద్ధం, చూడలేదంటే చాలు, బతుకుతాడు. అన్నయ్యా, ఒక్క అబద్ధం ఆడరా..."

"ఆడడు" అన్నాడు లూషెన్. "శాసనానికి భయపడి కాదు. చిన్నప్పుడు అబద్ధం ఆడిన పూట వాడికి అన్నం పెట్టనిచ్చేవాణ్ణి కాదు నేను. మీ అమ్మ ఏడ్చినా పెట్టనివ్వలేదు. నిజం చెప్పి ఉంటాడు. చూసి వదిలేసినందుకు రాజధానికి తీసుకెళ్ళి తల తీస్తారు."

లూషెన్ అంగీ సర్దుకుని, నిటారుగా కూర్చుని, కొలువులో విన్నపం చేస్తున్నట్టు రెండు చేతులూ జోడించాడు.

"రేపు పొద్దున ఊరి గుమ్మం తెరిపించండి. షెన్‌గు రాజు ఇస్తానన్న పదవి తీసుకుంటున్నాను. తీసుకున్న రోజే దాన్ని తిరిగిచ్చి నా కొడుకు తల కాపాడమని అడుగుతాను. హేమాంగదుడు నా శిష్యుడి వేషంలో వస్తాడు. నేను రాజు ముందు నిలబడి ఉన్నంతసేపే అతనికి బావి దగ్గరికి వెళ్ళే వ్యవధి."

"నువ్వా నాన్నా!" షూలన్ లేచి నిలబడింది. "ఆ నెత్తురుతాగే రాజుకి నువ్వు వంగి నమస్కారం పెడతావా? ఇన్నేళ్ళూ చెప్పిందంతా ఏమైంది?"

"తండ్రి తండ్రిలా ఉండాలని చెప్పాను. అదే చేస్తున్నాను."

"మర్యాదలు నేర్పడానికి వెళ్ళినవాడు తిరిగొచ్చినట్టు నేను ఏ చరిత్రలోనూ చదవలేదు అన్నయ్యా" అన్నాడు పోబో. అతని గొంతులో వేళాకోళం లేదు.

"పెద్దాయనా, నా కోసం..." అని హేమాంగదుడు ఏదో అనబోయాడు. లూషెన్ చెయ్యెత్తి ఆపాడు.

యున్‌మా గరిటె గిన్నెలో పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"నేనూ వస్తున్నాను" అంది.

"నువ్వెందుకు? అక్కడ నీకేం పని?"

"మీరు వాణ్ణి విడిపిస్తారు, సరే. విడిపించాక మర్యాద చెబుతారు. షూలన్ వస్తే ఊరి లెక్క చెబుతుంది. మీ తమ్ముడు వస్తే వాడి ఇష్టానికి వదిలెయ్యమంటాడు. మీ ముగ్గురిలో ఎవరు పిలిచినా వాడు ఇంటికి రాడు. నేను పిలవాలి." భర్త గిన్నె అందుకుని నిండా జావ పోసింది. "తెల్లవారకముందే లేవాలి. తినండి అందరూ."